కడుపుతో ఉన్నప్పుడు చెట్ల మందులు: సురక్షితమో కాదో ఎలా తేలుస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో ఫార్మసీ పిల్లలకు ఫార్మకాలజీ చెప్పడం నా వృత్తి. కింది ప్రశ్నలు క్లాసులో కన్నా బయటే ఎక్కువ ఎదురవుతాయి. పెళ్లి భోజనాల దగ్గర, అపార్ట్‌మెంట్ లిఫ్టులో, విజయవాడ బస్సులో పక్క సీట్లోంచి. అడిగేది చాలాసార్లు వాళ్లమ్మో, అత్తగారో. అమ్మాయి పక్కనే ఫోన్ చూసుకుంటూ ఉంటుంది గానీ చెవి మాత్రం ఇటే ఉంటుంది. ఇక్కడ రాసినవి మందుచీటీలు కావు. మీ నెలలు, మీ బీపీ, మీ షుగర్ తెలిసిన డాక్టరు మాటే చివరి మాట.

ఫలానా మొక్క గర్భిణులకు మంచిదేనా? ఒక్క ముక్కలో చెప్పరేం?

ప్రశ్న సగమే ఉంది కాబట్టి చెప్పలేం. మునగ చెట్టునే తీసుకోండి. మునగాకు పప్పు, మునక్కాడల పులుసు మన ఇళ్లలో వండుకునేవే, వాటితో పేచీ లేదు. అదే చెట్టు వేరు, బెరడు మాత్రం గర్భిణికి పనికిరావు. వేరు సారం ఎలుకల్లో గర్భం నిలవకుండా చేసిందని మన దేశంలో జరిగిన ప్రయోగాలే చూపించాయి. చెట్టు ఒకటే, జవాబులు రెండు. అందుకే నేను ఎదురు ప్రశ్నలు వేస్తాను. ఏ భాగం? పచ్చిదా, కషాయమా, చూర్ణమా, క్యాప్సూల్‌లో నింపిన గాఢమైన సారమా? రోజుకు ఎంత? ఎన్నో నెల? ఎవరు తయారుచేశారు? ఈ ఐదూ తెలియకుండా "మంచిదే", "చెడ్డదే" అనేవాళ్లు ఇంగ్లీషు మందుల వైపువాళ్లైనా, నాటు మందుల వైపువాళ్లైనా నమ్మకండి.

మా నానమ్మ కాలం నుంచీ వాడుతున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. ఇంకా పరీక్షలెందుకు?

పెద్దవాళ్ల పరిశీలనను తక్కువ చేసి మాట్లాడను. తిన్న పూటే వాంతులో రక్తస్రావమో అయితే ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది, ఆ ఆకు మళ్లీ గర్భిణి ఇంటి గడప తొక్కదు. శాస్త్ర గ్రంథాల్లోనూ ఈ జాగ్రత్త ఉంది. గర్భిణిని అంచుదాకా నూనె నింపిన పాత్రను మోసినంత భద్రంగా చూసుకోవాలని, మృదువైన, చలవచేసే ఉపచారాలే చేయాలని, వమన విరేచనాల జోలికి పోవద్దని చరక సంహిత శారీరస్థానం చెబుతుంది. "ఆయుర్వేదం కాబట్టి ఏదైనా వాడొచ్చు" అనే మాట ఆయుర్వేదంలోనే లేదు.

చిక్కంతా ఆలస్యంగా బయటపడే హానితోనూ, అరుదుగా జరిగే హానితోనూ. ఏ మందూ వాడకపోయినా ప్రతి 100 కాన్పుల్లో రెండు మూడింట్లో బిడ్డకు ఏదో ఒక పెద్ద అవయవ లోపం ఉంటుంది. ఏదో మూలిక వల్ల ఆ మూడు కాస్తా ఐదు అయిందనుకోండి, ఎంత అనుభవమున్న మంత్రసానికైనా అది కంటికి ఆనదు. లెక్క వేసి చూద్దాం. పదిమంది తిన్నారు, ఒక్కరికీ ఏమీ కాలేదు. గణాంకాల ప్రకారం దీన్నిబట్టి చెప్పగలిగింది ఒక్కటే: అసలు ప్రమాదం నలుగురిలో ఒకరికి మించి ఉండకపోవచ్చు. ఇది భరోసా అంటారా? 300 మంది తిని ఒక్కరికీ ఏమీ కాకపోతే, ప్రమాదం 100కి ఒకటి లోపే ఉంటుందని చెప్పొచ్చు. నానమ్మకు ఎనిమిది కాన్పులైనా, పెద్దనానమ్మవీ కలిపినా 300 కావు. పైగా ఆ రోజుల్లో నిలవని గర్భాలను, పురిట్లో పోయిన పిల్లలను ఎవరూ లెక్కలో వేయలేదు, వాటి గురించి మాట్లాడేవాళ్లే కాదు.

ఆలస్యంగా బయటపడే హాని ఎలా ఉంటుందో అతిమధురం చూపిస్తుంది. దగ్గొస్తే బుగ్గన పెట్టుకునే వేరు. ఫిన్లండ్‌లో దాన్ని మిఠాయిల్లో బాగా వాడతారు. గర్భంలో ఉండగా తల్లి ఆ మిఠాయిలు ఎక్కువ తిన్న పిల్లలను (ఎక్కువ అంటే గ్లిసరైజిన్ అనే పదార్థం వారానికి 500 మిల్లీగ్రాములు, అంతకు పైన) హెల్సింకీలో ఎనిమిదేళ్ల వయసులో పరీక్షిస్తే, తెలివితేటల పరీక్షల్లో మిగతా పిల్లల కన్నా వెనకబడ్డారు. ఇలాంటి అధ్యయనంతో కారణం నూటికి నూరుపాళ్లు రుజువు కాదు. కానీ దారి మాత్రం తెలిసిందే. తల్లి రక్తంలోని కార్టిసాల్ హార్మోను బిడ్డకు ఎక్కువగా చేరకుండా మాయలో ఒక ఎంజైమ్ కాపలా కాస్తుంది, గ్లిసరైజిన్ ఆ ఎంజైమ్‌ను అణచేస్తుంది. పుట్టినప్పుడు బొద్దుగా ఉన్న పిల్లాడికి మూడో తరగతిలో లెక్కలు రాకపోతే, దగ్గుకు తిన్న వేరును ఎవరు అనుమానిస్తారు?

ల్యాబులో అసలేం చేస్తారు?

ఎలుకల దాకా వెళ్లడానికి చాలా ముందే పని మొదలవుతుంది. ముందు ఆ మొక్క ఏదో తేలాలి. బొటానిస్టు చూసి గుర్తుపట్టి, ఎండబెట్టిన నమూనాను అట్టకు అతికించి నంబరు వేసి హెర్బేరియంలో (ఎండిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోట) దాచాలి. ఇది లాంఛనమని అనుకోకండి. నేల ఉసిరి పేరుతో బజార్లో ఒకేలా కనిపించే రెండు మూడు జాతులు కలిసిపోయి వస్తాయి. ఏ జాతిని పరీక్షించారో తెలియని పరిశోధన ఎవరికీ ఉపయోగపడదు.

తర్వాత రసాయన పరీక్షలు. సారాన్ని సన్నని పూత పూసిన పలక మీద చుక్కగా పెట్టి, అందులోని పదార్థాలు విడివిడి పట్టీలుగా పైకి పాకేలా చేస్తారు. రేపు ఇంకో సంచిలోంచి తీసిన మూలిక కూడా ఇవే పట్టీలు ఇస్తే రెండూ ఒకటే సరుకని తెలుస్తుంది. తర్వాత కల్తీలు, కాలుష్యాలు. భార లోహాలకు మన ఆయుర్వేద ఫార్మకోపియా (మందుల నాణ్యతా ప్రమాణాల గ్రంథం) పెట్టిన హద్దులు ఇవీ: పది లక్షల భాగాల్లో సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3. వీటితోపాటు బూజు వల్ల వచ్చే అఫ్లాటాక్సిన్, పురుగుమందుల అవశేషాలు. మిర్చి, పత్తి చేల గట్టున కోసుకొచ్చిన ఆకుకు పురుగుమందు పరీక్ష ఎందుకో గుంటూరు జిల్లా రైతుకు నేను చెప్పక్కర్లేదు.

ఆ పైన జన్యువులను దెబ్బతీస్తుందా అని బ్యాక్టీరియా మీద చూసే ఏమ్స్ పరీక్ష (మంగళగిరి ఎయిమ్స్‌కూ దీనికీ సంబంధం లేదు, బ్రూస్ ఏమ్స్ అనే శాస్త్రవేత్త పేరు మీద వచ్చింది). అక్కడే తేడా కొడితే ముందుకు వెళ్లడంలో అర్థం లేదు.

ఇక గర్భానికి సంబంధించిన అసలు పరీక్ష. దీనికి అంతర్జాతీయంగా ఒప్పుకున్న పద్ధతి ఉంది, ఓఈసీడీ 414 అంటారు. కడుపుతో ఉన్న ఎలుకలు ఒక్కో గుంపుకు సుమారు 20. మూడు గుంపులకు మూడు మోతాదులు, నాలుగో గుంపుకు మందు ఉండదు. ఎలుక గర్భం 21, 22 రోజులు. పిండం గర్భసంచికి అంటుకున్నప్పటి నుంచి కాన్పు దగ్గరపడే దాకా రోజూ మందు ఇస్తారు. కాన్పుకు ముందురోజు తల్లి ప్రాణం తీసి గర్భసంచి తెరుస్తారు. వినడానికి కష్టంగానే ఉంటుంది, చేసేవాళ్లకూ కష్టమే. అందుకే జంతు నైతిక కమిటీ అనుమతి లేనిదే ఇలాంటి ప్రయోగం మొదలుపెట్టకూడదు. అండాశయం మీది పసుపు బుడిపెలు లెక్కపెడితే ఎన్ని అండాలు విడుదలయ్యాయో తెలుస్తుంది. గర్భసంచిలో ఎన్ని అంటుకున్నాయి, ఎన్ని మధ్యలో కరిగిపోయాయి, ఎన్ని బతికున్నాయి అన్నది వరసగా రాసుకుంటారు.

పిల్లల్లో దాదాపు సగాన్ని గుండె, మెదడు, మూత్రపిండాల వంటి అవయవాల కోసం కోసి చూస్తారు. మిగతా సగం ఎముకల కోసం. క్షార ద్రావణంలో నానేసరికి కండ పారదర్శకమైపోతుంది. అలిజరిన్ రంగుకు ఎముకలు ఎర్రగా, ఆల్షియన్ రంగుకు మృదులాస్థి నీలంగా తేలతాయి. గ్లిజరిన్‌లో ఉన్న పిల్లను మైక్రోస్కోపు కింద పెట్టి పక్కటెముకలు లెక్కపెట్టాలి. పదమూడు జతలు ఉండాలి. పద్నాలుగోది చిన్న ముక్కగా మొలిచినా రాయాలి. రొమ్ముటెముకలో ఆరు ముక్కలూ ఎర్రబారాయా, ఒకటి రెండు ఇంకా నీలంగానే ఉన్నాయా అని చూడాలి. వందల పిల్లలకు ఇలా చేయాలి. పైగా చూసేవాళ్లకు ఏ పిల్ల ఏ గుంపుదో ముందే తెలిస్తే కన్ను తనకు కావలసిందే చూస్తుంది, అందుకని అది తెలియనివ్వకుండా చేయించాలి.

పేపర్లు చదివే విద్యార్థులకు ఒక మాట. ఒక తల్లికి పుట్టిన పన్నెండు పిల్లలు పన్నెండు సాక్ష్యాలు కావు, ఒక్క సాక్ష్యం. మందు తిన్నది తల్లి. ఆరు తల్లులను వాడి 70 పిల్లలను లెక్కలో చూపించే పేపర్లు తరచూ నా కంటబడుతుంటాయి. వాటి ఫలితం మంచిగా వచ్చినా చెడుగా వచ్చినా నేను పెద్దగా పట్టించుకోను.

ఎలుకకు ఏమీ కాకపోతే మనిషికీ ఏమీ కానట్టేనా?

కాదు. థాలిడోమైడ్ పశ్చిమ జర్మనీలో 1957లో మార్కెట్‌లోకి వచ్చింది, వేవిళ్లకు, నిద్రకు గర్భిణులు వాడారు. 1961లో వెనక్కి తీసుకునేలోపు ప్రపంచవ్యాప్తంగా పదివేలకు పైగా పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. ఎలుకల్లో అది అలాంటి లోపాలు తేలేదు. కుందేళ్లలో తెచ్చింది. అప్పటి నుంచే కొత్త మందును ఒక ఎలుక జాతిలోనూ, ఎలుక కాని మరో జంతువులోనూ (మామూలుగా కుందేలు) చూసే పద్ధతి స్థిరపడింది. మూలికల మీద వచ్చిన పరిశోధనల్లో రెండో జంతువు దాకా వెళ్లినవి చాలా తక్కువ.

మోతాదు సంగతీ చూడాలి. ఎలుకకు కిలోకు ఇంత ఇచ్చారు అంటే మనిషికీ కిలోకు అంతే అని కాదు. ఎలుక మోతాదును సుమారు 6తో భాగించాలి. ఎలుకకు కిలోకు 1000 మిల్లీగ్రాములంటే 60 కిలోల మనిషికి దాదాపు 10 గ్రాములు. "ఎలుకలకు బండెడు ఇచ్చారండీ, మనం తినేది చిటికెడే" అనేముందు ఈ లెక్క వేయండి. ఒక్కోసారి అది నిజంగానే బండెడు, ఒక్కోసారి మన చెంచా కొలతే.

శతావరి గర్భిణులకు అమృతం అంటారు, అశ్వగంధ వద్దంటారు. పరీక్షల్లో అలాగే తేలిందా?

తిరగబడింది. శతావరి (మన వైపు పిల్లిపీచర) వేరు నుంచి మెథనాల్‌తో తీసిన సారాన్ని ఎలుకలకు కిలోకు 100 మిల్లీగ్రాముల చొప్పున 60 రోజులు ఇచ్చిన ప్రయోగం 2006లో మన దేశం నుంచే వచ్చింది. కరిగిపోయిన పిండాలు పెరిగాయి, మాయ చిన్నదైంది, పిల్లలు తక్కువ బరువుతో పుట్టారు, కాళ్లు వాచినవీ కనిపించాయి. పై లెక్క వేస్తే ఆ మోతాదు మనిషికి దాదాపు ఒక గ్రాము సారం. బండెడు కాదన్నమాట. అశ్వగంధ వేరు సారాన్ని 2015లో వచ్చిన అధ్యయనంలో గర్భిణి ఎలుకలకు కిలోకు 2000 మిల్లీగ్రాముల దాకా ఇచ్చారు. తల్లికీ పిల్లలకూ హాని కనిపించలేదు. అయినా 2023లో డెన్మార్క్ అశ్వగంధను నిషేధించింది. థైరాయిడ్ మీద, సెక్స్ హార్మోన్ల మీద ప్రభావం, గర్భస్రావం జరగొచ్చన్న అనుమానం అందుకు కారణాలు.

మరి ఎవరిని నమ్మాలి? శతావరిని మన వైద్యులు మెథనాల్‌తో తీయరు, పాలలోనో నెయ్యిలోనో కాస్తారు. ద్రావకం మారితే లోపలి నుంచి వచ్చే పదార్థాలూ మారతాయి. కాబట్టి ఆ ప్రయోగం పాలలో కాచిన శతావరిని దోషిగా నిలబెట్టదు. అయితే క్యాప్సూళ్లలో ఈరోజు అమ్మే గాఢ సారానికి సంప్రదాయపు సర్టిఫికెట్ కూడా వర్తించదు, ఎందుకంటే ఆ రూపంలో దాన్ని మన ముత్తవ్వలు ఎన్నడూ తినలేదు. అశ్వగంధ విషయంలో ఎలుకల ఎముకలు బాగున్నంత మాత్రాన హార్మోన్ల భయం తీరదు.

నా అభిప్రాయం అడిగితే, కడుపుతో ఉన్నప్పుడు అశ్వగంధ అసలు వద్దు. శతావరి క్యాప్సూళ్లు ఆన్‌లైన్‌లో కొని మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. ఆయుర్వేద డాక్టరు రాసి, ఆ సంగతి మీ గైనకాలజిస్టుకూ తెలిసి ఉంటే అది వేరే మాట.

నేరుగా గర్భిణుల మీదే ట్రయల్ చేస్తే తేలిపోతుంది కదా?

హాని చేస్తుందేమో చూద్దామని ఎవరికీ మందు ఇవ్వకూడదు, గర్భిణికి అసలే ఇవ్వకూడదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధనా మండలి) నైతిక మార్గదర్శకాలు గర్భిణులను ప్రత్యేక రక్షణ కావలసినవారిలో చేర్చాయి. మేలు జరుగుతుందని గట్టి ఆధారం ఉన్నప్పుడే ట్రయల్. అలా పరీక్షకు నిలిచింది అల్లం. వేవిళ్లలో వికారానికి రోజుకు సుమారు ఒక గ్రాము పొడి మోతాదులో చాలా ట్రయల్స్ జరిగాయి. వికారం కొంత తగ్గింది, బిడ్డలకు హాని కనబడలేదు. కొంత అన్నాను, పూర్తిగా కాదు. నీళ్లు కూడా నిలవనంత వాంతులైతే శొంఠి కాఫీతో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మిగతావాటికి ఉన్న దారి, ఇప్పటికే వాడుతున్న గర్భిణులను నమోదు చేసి బిడ్డ పుట్టాక, ఎదిగాక చూడటం. నార్వేలో వేలాది తల్లుల మీద అలా చూశారు. మన దగ్గర చాలామంది డాక్టరుకు చెప్పకుండా వాడతారు కాబట్టి కేస్ షీట్‌లో ఆ గడి ఖాళీగానే ఉండిపోతుంది.

బొప్పాయి తింటే గర్భం పోతుందా?

పచ్చికాయలోని పాలు ఎలుక గర్భసంచి కండరాన్ని గట్టిగా ముడుచుకునేలా చేశాయి. బాగా పండిన బొప్పాయి తిన్న ఎలుకల్లో తేడా లేదు. 2002లో వచ్చిన ఫలితం ఇది. కాబట్టి పచ్చికాయ కూర, దోరకాయ వద్దు. పూర్తిగా పండినది ఒక ముక్క తిన్నందుకు రాత్రంతా టెన్షన్ పడొద్దు.

కుంకుమపువ్వు పాలు తాగితే బిడ్డ ఎర్రగా పుడతాడట?

రంగు జన్యువుల్లోంచి వస్తుంది, గ్లాసులోంచి కాదు. రెండు మూడు రేకలు పాలలో వేసుకుంటే నష్టం లేదు. గ్రాముల లెక్కన తింటే విషం. అంత ఖరీదైన సరుకులో కల్తీ రంగు ఉండే అవకాశం ఎక్కువ, నేనైతే ఆ డబ్బుతో పళ్లు కొంటాను.

మెంతులు, పసుపు, వాము, తులసి కూడా మానేయాలా?

పోపులో, చారులో, కూరలో పడేవి మానక్కర్లేదు. తిండి మోతాదు వేరు, మందు మోతాదు వేరు. షుగర్ తగ్గుతుందని చెంచాల కొద్దీ మెంతిపొడి మింగడం మందు కిందికి వస్తుంది. ఎక్కువ మోతాదులో జంతువుల పిండాలకు హాని కనిపించింది, పైగా షుగర్‌కు ఇప్పటికే మందు వాడుతుంటే చక్కెర మరీ పడిపోవచ్చు. ఒక చిత్రమైన సంగతి: కాన్పుకు ముందు తల్లి మెంతులు బాగా తింటే పుట్టిన బిడ్డ ఒంటి నుంచి, మూత్రం నుంచి పాకం వాసన వస్తుంది. అచ్చం అలాంటి వాసనే వచ్చే ప్రమాదకరమైన పుట్టు జబ్బు ఒకటుంది. డాక్టర్లు దానికోసం హడావిడిగా పరీక్షలు చేసి, చివరికి మెంతులని తేల్చిన కేసులున్నాయి. తిన్నది ముందే చెబితే ఆ గొడవ ఉండదు.

కలబంద రసం, సునాముఖి, వేపనూనె లోపలికి తీసుకోవద్దు. కలబంద ఆకు అంచున కారే పసుపు రసంలో పేగులను బలంగా కదిలించే పదార్థాలున్నాయి. వేపనూనెను గర్భనిరోధకంగా పనికొస్తుందా అని మన శాస్త్రవేత్తలే పరిశోధించారంటే దాని గుణం అర్థం చేసుకోవచ్చు.

దగ్గుకు ఆయుర్వేద సిరప్ తాగొచ్చా?

లేబుల్ మీద అడ్డసరం (వాసా అని రాస్తారు) ఉందేమో చూడండి. అందులోని వాసిసిన్ కఫం తగ్గించే మాట నిజం. ఇంగ్లీషు దగ్గు మందుల్లో వాడే బ్రోమ్‌హెక్సిన్‌కు మూలం అదే. అదే వాసిసిన్ గర్భసంచిని కూడా ముడుచుకునేలా చేస్తుంది. అతిమధురమూ ఉంటే పైన చెప్పింది గుర్తు తెచ్చుకోండి. ఉప్పునీళ్ల పుక్కిలి, ఆవిరి, అవీ చాలకపోతే డాక్టరు.

కామెర్లు వచ్చాయి. పసరు వేయించమంటున్నారు. వేయించొచ్చా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. మన కృష్ణా, గుంటూరు ఊళ్లలో కామెర్లనగానే పసరే గుర్తొస్తుంది. పరగడుపున ఆకు రసం, పథ్యం, మూడు రోజులు. చాలామందికి తగ్గుతుంది కూడా, ఎందుకంటే నీళ్ల ద్వారా వచ్చే కామెర్లు మామూలు మనుషుల్లో చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. పేరు పసరుకు వస్తుంది.

గర్భిణి కథ వేరు. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఈ అనే వైరస్ చివరి మూడు నెలల్లో సోకితే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బీపీతో వచ్చే కాలేయ సమస్యలు, గర్భం వల్లే పైత్యరసం నిలిచిపోయే జబ్బు, వీటిలోనూ కళ్లు పచ్చబడతాయి. అరచేతులు, అరికాళ్లు రాత్రిపూట విపరీతంగా దురద పెట్టడం ఆ పైత్యరసం జబ్బుకు ఒక గుర్తు. ఏది ఏదో రక్తపరీక్ష తప్ప ఆకు చెప్పలేదు. ఇక్కడ పసరులో ఏముందన్నది రెండో ప్రశ్న. పోయే మూడు రోజులే అసలు ప్రమాదం. కళ్లు పచ్చబడిన రోజే గుంటూరు జీజీహెచ్‌కో, మంగళగిరి ఎయిమ్స్‌కో, మీరు చూపించుకునే ఆసుపత్రికో వెళ్లండి. మగతగా ఉంటే, మాట తడబడితే 108కి ఫోన్ చేయండి.

షాపులో సీల్ వేసి, లైసెన్సు నంబరుతో అమ్ముతున్నారు. అంటే పరీక్షించినట్టే కదా?

లైసెన్సు నంబరు ఉండటం మంచిదే. వన్‌టౌన్‌లో కాగితం పొట్లంలో కట్టిచ్చే పేరులేని చూర్ణం కన్నా వెయ్యి రెట్లు నయం. కానీ అది దేనికి హామీయో తెలుసుకోవాలి. మన డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లో 158బి ప్రకారం, శాస్త్ర గ్రంథాల్లో ఉన్న మందును అక్కడ చెప్పినట్టే, అక్కడ చెప్పిన జబ్బుకే తయారుచేస్తే కొత్తగా సేఫ్టీ స్టడీ అడగరు. అంటే గర్భిణి ఎలుకల పరీక్ష జరిగిందని లైసెన్సు చెప్పదు. అదే నిబంధనల్లో షెడ్యూల్ ఈ(1) అని విషపదార్థాల జాబితా ఉంది. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు, గురివింద, ముష్టి, అగ్నిశిఖ, నేపాళం, నల్లజీడి అందులోనివే. అవి కలిసిన మందు మీద వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలి. ఆ వాక్యం కనబడితే సీసా కింద పెట్టేయండి.

మరో భయం లోహాలు. 2011, 2012లో న్యూయార్క్ నగరంలో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ప్రమాదకర స్థాయిలో దొరికింది. ఆరుగురూ మన దేశంలో తయారైన ఆయుర్వేద మందులు మింగినవాళ్లే. అక్కడ గర్భిణులకు సీసం పరీక్ష చేస్తారు కాబట్టి బయటపడింది. సీసం మాయను దాటి బిడ్డ మెదడును చేరుతుంది. లోహాలతో చేసే భస్మాలు, సిందూరాలు గర్భిణికి వద్దు అని నేను గట్టిగానే చెబుతాను.

తెలియక తినేశాను, తర్వాత నెల తప్పిందని తెలిసింది. ఇప్పుడేం చేయాలి?

ముందు ఆపండి. సీసా, పొట్లం, మిగిలిన పొడి పారేయకుండా ఫొటో తీసుకుని డాక్టరుకు చూపించండి. ఏ తేదీల్లో ఎంత తిన్నారో రాసుకోండి. బిడ్డ అవయవాలు ఏర్పడేది ముఖ్యంగా మొదటి ఎనిమిది వారాల్లో, వెన్నుపాము మూసుకునేది గర్భం దాల్చిన 28 రోజుల్లోపే. కాబట్టి తేదీలు చూసి డాక్టరు చాలా చెప్పగలరు. సాధారణంగా చెప్పేది ఐదో నెలలో వివరమైన స్కాన్ శ్రద్ధగా చేయించుకోమని. ఏదో తిన్నారు కాబట్టి గర్భం తీయించుకోవాల్సిందే అనేది చాలా సందర్భాల్లో అనవసరమైన భయం. ఫోలిక్ యాసిడ్ మాత్ర మాత్రం మానకండి. కషాయాలు తాగేవాళ్లు దాంతోపాటే ఐరన్ మాత్ర మింగొద్దు, ఒంటికి పట్టదు.

ఈ గర్భం వద్దనుకుంటున్నాం. పసరుతో పోతుందంటున్నారు...

వద్దు. చిత్రమూలం పుల్లలు, పసర్లు ప్రాణం మీదికి తెస్తాయి. గర్భసంచికి చీము పట్టి, రక్తం విషమై చనిపోయినవాళ్లు ఉన్నారు. మన చట్టం (1971 నాటిది, 2021లో సవరించారు) నిర్దేశించిన కారణాలకు 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయంతో, కొన్ని వర్గాల స్త్రీలకు 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో ఆసుపత్రిలో చేయించుకోనిస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి చాలు, భర్త సంతకం అక్కర్లేదు. వివరాలు గోప్యంగా ఉంచాలి కూడా.

నెలలు నిండాయి, నొప్పులు రావాలని ఆముదం పట్టమంటున్నారు.

కొందరికి నొప్పులు వచ్చే మాట నిజమే. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లం పేగునూ గర్భసంచినీ ఒకే రకం గ్రాహకం (కణాల మీద సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) ద్వారా కదిలిస్తుందని 2012లో ఎలుకల్లో తేలింది. చిక్కేమిటంటే ఎంత బలంగా కదిలిస్తుందో మన చేతిలో ఉండదు, విరేచనాలతో తల్లి నీరసపడుతుంది. ముందు సిజేరియన్ అయినవాళ్లకు పాత కుట్టు మీద ఒత్తిడి పడటం మరీ ప్రమాదం. నొప్పులు తెప్పించాలంటే ఆసుపత్రిలో, బిడ్డ గుండె చప్పుడు చూసుకుంటూ తెప్పిస్తారు.

ఆయుర్వేద డాక్టరునే అడగాలనుకుంటే?

అడగండి, చదువుకున్నవారిని అడగండి. విజయవాడలో డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. బీఏఎంఎస్ (ఆయుర్వేద వైద్య డిగ్రీ) చదివినవారికి గర్భిణీ చర్య పాఠంలో భాగమే, ఏది వద్దో వాళ్లే ముందు చెబుతారు. నాడి పట్టుకోకుండా, నెలలు అడగకుండా ఫోన్‌లోనే కొరియర్ చేస్తామనేవాళ్లు ఆ కోవలోకి రారు.

హాని జరిగిందని అనుమానం వస్తే ఎవరికి చెప్పాలి?

ముందు చికిత్స చేస్తున్న డాక్టరుకు. ఆ తర్వాత మందుల దుష్ప్రభావాల జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-3024కు రోగి కుటుంబమే నేరుగా ఫోన్ చేయొచ్చు. ఆయుర్వేద, సిద్ధ, యునాని, హోమియో మందుల కోసం ఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థ కేంద్రంగా ప్రత్యేక వ్యవస్థ కూడా ఉంది. రుజువు మీ దగ్గర ఉండక్కర్లేదు, అనుమానం చాలు. సీసా మీది బ్యాచ్ నంబరు మాత్రం తప్పకుండా చెప్పండి.

కాన్పు అయ్యాక కాయం తినొచ్చా?

శొంఠి, పిప్పళ్లు, వాము, బెల్లం, నెయ్యి వేసి ఇంట్లో కట్టిన కాయం నిమ్మకాయంత తింటే మామూలుగా ఇబ్బంది లేదు. షుగర్ ఉన్నవాళ్లు బెల్లం చూసుకోవాలి. బయట కొన్నదైతే లేబుల్ చదవండి, తల్లి తిన్నది పాలలోకి కొంత వెళ్తుంది. బిడ్డ నోట్లో మాత్రం వేపనూనె చుక్క, వస నాకించడం, ఆముదం ఏదీ వద్దు. వేపనూనె పట్టిన పసిపిల్లలు ఫిట్స్ వచ్చి ప్రాణాల మీదికి తెచ్చుకున్న కేసులు మలేసియా డాక్టర్లు 1980ల్లోనే నమోదు చేశారు.